తలుపు వేయని పెట్టె

ఒకటి

పెట్టెను ఏం చేయాలో తేల్చుకునే ముందు అది రోజూ ఏమేం తిక్క పనులు చేస్తోందో రాసిపెట్టమని సలోమి చెప్పింది. సలోమి మా వరసలో ఇళ్ళ తలుపులూ దీపాలూ నడిపే పెట్టెలన్నీ బాగుచేసే మనిషి. "కాగితం మీద రాయండి ఏకాంబరం గారూ. పెట్టెలోనే రాశారనుకోండి, రేపు ఫార్మాట్ కొట్టినప్పుడు అదీ పోద్ది," అంది. పెట్టె మూత కూడా విప్పకుండానే ఫార్మాట్ దాకా వెళ్ళిపోయింది మనిషి. ఆమెకు ఏ జబ్బుకైనా ఒకటే మందు.

ఇంట్లో ముగ్గురం ఉంటాం. నేను, నా భార్య హైమ, మామగారు సోమలింగం. ఇల్లు మామగారిది, నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పెట్టె మాత్రం అత్తగారిదనే చెప్పాలి. ఆవిడ పోయి రెండేళ్ళు దాటినా అది మాట్లాడేది ఆవిడ గొంతుతోనే. ఇక్కడి పెట్టెలన్నీ వయసు చూసి మాట వింటాయి. ఇంటి పెద్ద మాట ముందు, ఆ తర్వాత మిగతావాళ్ళది. పోయినవాళ్ళ మాట కూడా ఎవరో పెద్దవాళ్ళు కాదనేదాకా చెల్లుతుంది. దాన్నిబట్టి ఈ ఇంట్లో నా స్థానం ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు. దీపం వేయమని నేనడిగితే అది మామగారి వైపు చూసి మరీ వేస్తుంది.

ఇవాళ్టి తిక్క పని రాస్తాను. మధ్యాహ్నం కాపలా గుట్ట మీద కొమ్ము ఊదారు, నిప్పుగాలి వస్తోందని. తలుపు వేయమన్నాను. గ్లాసుడు నీళ్ళు తాగేంత సేపు ఆగి, అప్పుడు వేసింది. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఇదే పెట్టె కొమ్ము ఆగకముందే తలుపు దించేసేది.

మా ఇళ్ళన్నీ గుట్టను తొలిచి కట్టినవి. ఒక్కటే తలుపు, బరువైన ఇనప రేకు, పైనుంచి కిందికి దిగుతుంది. గాలి వచ్చేసరికి అది మూసి ఉంటే మనుషులు ఉంటారు, లేకపోతే ఉండరు. పోయిన ఎండాకాలం పై వరసలో ఒకరింటి తలుపు సగంలో ఆగిపోయింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఖాళీ.

రెండు

దుమ్ము పట్టి ఉంటుందని మొదట అనుకున్నాను. మూత విప్పి చూస్తే లోపల ఫ్యాను రెక్కలకు బూడిద దిండులా అంటుకుని ఉంది. పాత కుంచె ఒకటి తీసుకుని పొద్దుటంతా తోమాను. తుమ్మి తుమ్మి ముక్కు ఊడొచ్చింది. నేను తోముతున్నంతసేపూ పెట్టె అత్తగారి గొంతుతో, "మెల్లగా అల్లుడూ, మెల్లగా," అంటూనే ఉంది. బతికున్నప్పుడు ఆవిడ నాతో అన్న మాటల్లో సగం ఇవే.

హైమ నీళ్ళ తొట్టెల దగ్గర డ్యూటీ దిగి వచ్చి నా వాలకం చూసి నవ్వింది. "ఏందయ్యా, పెట్టెను తోమావా, పెట్టే నిన్ను తోమిందా?"

ఫ్యాను ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. సాయంత్రం గాలి ఇంకోసారి కొట్టింది. తలుపు పడటానికి నిన్నటికంటే ఎక్కువ సేపే పట్టింది.

మూడు

దుమ్ము కాకపోతే చెత్త. సలోమి రెండో సలహా అది: "ఫార్మాట్ వద్దనుకుంటే లోపల పేరుకుపోయిందంతా తీసేయండి." ఇవాళ కూర్చుని తీయడం మొదలుపెట్టాను.

మా పెళ్ళి ఫోటో ఒకటే పాతికచోట్ల దాచి ఉంది, ప్రతిదాంట్లోనూ నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఎవరిదో బొటనవేలు ఉంది. అత్తగారు గోంగూర నూరుతూ పక్కింటావిడ మీద చెప్పిన చాడీలు మూడు గంటల సేపున్నాయి. వాటిని తీయబోతే హైమ అడ్డం పడింది. తర్వాత కాకుల అరుపులు. ఎప్పుడో కాకులున్న రోజుల్లో మామగారు ప్రతి తెల్లవారుజామూ పట్టిపెట్టుకున్నవి.

"వీటిని తీసేద్దామా మామయ్యా? చాలా చోటు తింటున్నాయి."

"ఉండనియ్యి."

"మళ్ళీ కాకులొస్తాయంటారా?"

"వస్తే వస్తయ్, రాకపోతే లేదు. నీకేం అడ్డమొచ్చినయ్? ఉండనియ్యి."

ఈ ఇంట్లో ఏదీ పారేయడానికి వీల్లేదు. చివరికి నేను పాడి దాచుకున్న పాటలు తీసేశాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

సగం పెట్టె ఖాళీ అయింది. తలుపు ఆలస్యం మాత్రం చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కునేంత అయింది. నాకు కొంచెం భయం మొదలైంది. ఇన్నాళ్ళూ చిరాకే ఉండేది.

నాలుగు

హైమ చెయ్యి కాలింది.

కొమ్ము ఊదగానే పరిగెత్తుకొచ్చి లోపలికి దూరింది. తలుపు పడలేదు. నేను అరుస్తున్నాను, మామగారు అరుస్తున్నారు, పెట్టె ఉలుకూ పలుకూ లేదు. గాలి సందు మలుపు తిరగడం నాకు కనబడింది, దుమ్ము ఎర్రగా లేచి మా వైపు వస్తోంది. గుమ్మం దగ్గరున్న గుడ్డల మూట అంటుకోకుండా హైమ లోపలికి లాగబోయింది. అప్పుడు పడింది తలుపు. మోచేతి దాకా బొబ్బలెక్కాయి. ఒక్క కేక కూడా వేయలేదు మనిషి, పళ్ళు బిగపట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. నేనే వెర్రివాడిలా కేకలు పెట్టాను.

కబురు పంపితే సలోమి వచ్చింది. పెట్టెకు తన పరికరం తగిలించి పెదవి విరిచింది.

"ముసలిదైపోయిందండి. దీన్ని శుభ్రం చేసుకుంటా కూర్చుంటే ఏదో ఒకరోజు మీరు మిగలరు. ఫార్మాట్ కొట్టేద్దాం. కొత్తగా మొదలుపెట్టుద్ది, చిటికెలో తలుపేస్తది."

"అమ్మ గొంతు?" అంది హైమ.

"అన్నీ పోతాయమ్మా. గొంతు, ఫోటోలు, మీరు దానికి నేర్పినయ్యన్నీ. ఏదీ దాచి పెట్టలేం, పాతది ఏ కాస్త మిగిలినా మళ్ళీ అదే రోగం పట్టుకుంటది."

మామగారు మంచం మీంచి లేవకుండానే తేల్చేశారు. "ఫార్మాట్ మాట ఎత్తొద్దు. తుడుచుకోండి, కడుక్కోండి, ఏమన్నా చేసుకోండి. ఆ మాట మాత్రం నా ఇంట్లో వద్దు."

నా ఇంట్లో అన్నారు. నేను గిన్నెలు కడుగుతూ కావాలనే గట్టిగా చప్పుడు చేశాను.

ఐదు

ఇవాళ గాలి దూరంగా, పడమటి గుట్టల మీదుగా పోయింది. కొమ్ము మాత్రం ఊదారు. ప్రాణభయం లేదు కాబట్టి గుమ్మం పక్కన నిలబడి, ఇన్నాళ్ళూ నాకు తట్టని పని చేశాను. దాన్నే అడిగాను.

"తలుపెందుకు వేయవు?"

"చూస్తన్నా అల్లుడూ," అంది పెట్టె, అత్తగారి గొంతుతో.

"ఏం చూస్తున్నావ్?"

"అందరూ లోపలికొచ్చారో లేదో."

"ముగ్గురం ఇక్కడే ఉన్నాం కదా."

"మురారి రాలా."

మురారి హైమకు అన్న, నాకు బావ వరస. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికే ఆయన లేడు. నేను పడుకునేది ఆయన గదిలో.

"ఎక్కడ చూస్తున్నావ్?" అన్నాను.

"ముందు మన సందులో చూసేదాన్ని. ఆడ లేడు. పై వరసలో పెట్టెలన్నిట్నీ అడిగా. నీళ్ళ తొట్టెల కాడ చూశా, రాతి గని కాడ చూశా. పాత రైలు కట్ట మీద పెట్టెలున్నయ్, వాటినీ అడిగా. రాకపోతే ఇంకాస్త దూరం చూడమంది మీ అత్త కనకవల్లి. ఇయ్యాళ నది దాకా చూశా. ఈసారి అవతలి ఒడ్డు చూస్తా."

ముసలిదైపోయి కాదు, దుమ్ము పట్టి కాదు, కాకుల వల్ల అసలే కాదు. గాలి వచ్చిన ప్రతిసారీ మా పెట్టె చచ్చిపోయిన మనిషిని వెతుకుతోంది. ప్రతిసారీ ఇంకాస్త దూరం వెళ్ళి వెతుకుతోంది. అందుకే ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యం.

"ఇక వెతకొద్దు," అన్నాను.

"నీ మాట చెల్లదు అల్లుడూ," అంది పెట్టె, ఎంతో మర్యాదగా.

ఆరు

హైమకు చెప్పాను. ఆమె చేతికి మందు రాసుకుంటూ విన్నది, రాయడం ఆపలేదు. ఆ రోజు సంగతి మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు మొదటిసారి చెప్పింది.

"అన్నయ్య గనిలో ఉన్నాడు. కొమ్ము ఆలస్యంగా ఊదారు ఆ రోజు. అప్పుడు మన తలుపుకి చేత్తో తిప్పే చక్రం ఉండేది. గాలి మలుపు కాడికొచ్చింది. అమ్మ నాన్న చేతులు పట్టుకుని లాగతా ఉంది, ఇంకొంచెం ఆగు, వస్తాడు ఆగు అని. నాన్న తిప్పేశాడు. తిప్పకపోతే మేం ముగ్గురం పోయేవాళ్ళమే. అన్నయ్య సందు మొదటికన్నా వచ్చాడో, గనిలోనే ఉండిపోయాడో, ఎవరికీ తెలవదు. ఏం దొరకలా."

ఆ తర్వాత వారంలోనే అత్తగారు ఆ చక్రాన్ని ఊడదీయించిందట. మనుషుల చేతులు తొందరపడతాయి, పెట్టె అయితే లెక్క చూసి వేస్తుంది అని. పెట్టెకు ఆ మాట అప్పగించింది: అందరూ వచ్చారో లేదో చూడు, రాకపోతే ఇంకాస్త దూరం చూడు. ఇక్కడ ఎవరైనా పోతే ఇంటి పెద్ద పెట్టె ముందు నిలబడి పేరు దించాలి. ఫలానా మనిషి ఇక రాడు అని నోటితో చెప్పాలి. దినం కంటే ముందు జరిగేది ఆ తంతే. మురారికి అది జరగలేదు. అత్తగారి పేరు మామగారు దించారు, నేను పక్కనే ఉన్నాను. కొడుకు పేరు మాత్రం ఇద్దరిలో ఎవరూ దించలేదు. పెట్టె లెక్కలో ఆయన ఇంకా బయటికెళ్ళిన మనిషే.

సాయంత్రం ఇద్దరం కలిసి మామగారి దగ్గర కూర్చున్నాం.

"వెతకొద్దని చెబితే చాలు మామయ్యా," అన్నాను. "పేరు సంగతి తర్వాత చూద్దాం."

ఆయన పెట్టెకు చెప్పారు కూడా. మనిషి ప్రాణం దగ్గర పెట్టె ఇంటి పెద్ద మాట కూడా వినదు, ఒప్పుకోలేదు. "బయటున్న మనిషిని ఎట్టా వదిలేసేది? వస్తాడో రాడో చెప్పు, దాన్నిబట్టి చేస్తా," అంది. ఆ మాటలు ఆవిడ గొంతుతో వినబడుతుంటే మామగారు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు.

"ఒక్క మాట నాన్నా," అంది హైమ. "నీ నోటితో ఒక్క మాట."

"ఒకసారి ఏశానమ్మా వాడి మీద తలుపు. మళ్ళీ నా చేత ఏయించమాకండి."

గోడ వైపు తిరిగి పడుకున్నారు. తర్వాత ఆయనే అన్నారు. "ఆ సలోమిని రమ్మను. ఫార్మాట్ కొట్టించు."

"అమ్మ గొంతు పోద్ది," అంది హైమ.

"పోనియ్యి."

"నీ కాకులు పోతయ్."

"పోనియ్యి. అంతా పోనియ్యి. వాడి సంగతి మాత్రం నన్ను అడగమాకండి."

ఆయన ఎందుకు ఒప్పుకున్నారో నాకు అర్థమైంది. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికి భార్య గొంతుతో సహా ఇల్లంతా ఊడ్చేయడానికి సిద్ధపడ్డారు. అర్థమైనా నేను నోరెత్తలేదు. తలుపు పడితే నాకు చాలు. హైమ చేతి బొబ్బలు చూసిన కళ్ళతో నాకింకేమీ కనబడటం లేదు.

ఏడు

పొద్దున్నే సలోమి వచ్చింది. ఎండాకాలంలో పొద్దుటిపూట గాలి రాదు, అందుకే పెట్టెలకు చేసే పనులన్నీ అప్పుడే చేస్తారు. పెట్టె ఆగితే లోపలికి గాలి తోడే గొట్టాలు కూడా ఆగుతాయి కాబట్టి తలుపు తెరిచి ఉంచాలంది.

మొదలుపెట్టేముందు హైమ ఒక్క నిమిషం ఆగమంది. పెట్టె దగ్గరికెళ్ళి, "అమ్మా, ఇయ్యాళ ఏం కూర వండను?" అని అడిగింది.

"జొన్నపిండి ఉంది కదే, అందులోకి పచ్చిపులుసు చెయ్యి. ఉప్పు చూసి వెయ్యి, నువ్వెప్పుడూ ఎక్కువేస్తావు," అంది పెట్టె.

హైమ తలూపి పక్కకు వచ్చేసింది. సలోమి మీట నొక్కింది. ఫ్యాను తిరగడం ఆగింది. ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నాతో ఎన్నడూ సరిగ్గా మాట్లాడని అత్తగారి కోసం నాకు ఏడుపొచ్చింది.

"అన్నం ఉడికేంతలో లేచుద్ది. లేవగానే ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుద్ది. పెద్దాయనతో పేర్లు చెప్పించండి. పేర్లు అయ్యేదాకా తలుపు జోలికి పోదు," అని చెప్పి సలోమి పక్కింటి పనికి వెళ్ళిపోయింది. మూడు పేర్లే కదా అనుకున్నాను. నిజంగా అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఎనిమిది

ఇది జరిగిన తర్వాత రాస్తున్నాను.

పెట్టె లేవకముందే కొమ్ము ఊదారు. పొద్దుటిపూట. హైమ నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఎదురింట్లోకి పోదామని గుమ్మం దాటబోయాను, ఎదురింటి తలుపు నా కళ్ళముందే దిగిపోయింది. పక్కిల్లూ అంతే. సందంతా ఒక్క మా ఇల్లే నోరు తెరుచుకుని ఉంది. తడి దుప్పట్లు గుమ్మానికి కడదామని హైమ తొట్టెలో ముంచుతోంది. అవి ఎందుకూ పనికిరావని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు పెట్టె లేచింది. ఎవరిదీ కాని గొంతు.

"నమస్కారం. ఈ ఇంటి పెద్ద ఎవరు?"

"సోమలింగం," అన్నారు మామగారు. నేను ఆయన్ని మంచం మీంచి లేపి పెట్టె ముందు నిలబెట్టాను.

"ఇంట్లో మనుషుల పేర్లు చెప్పండి."

"హైమావతి, నా కూతురు. ఏకాంబరం, అల్లుడు."

"ఇద్దరూ లోపల ఉన్నారు. ఇంకెవరైనా ఉన్నారా?"

మామగారు నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు.

సందు చివర దుమ్ము ఎర్రబడింది. వేడి ముందే వచ్చి మొహానికి కొట్టింది. నేను ఆయన భుజం పట్టుకున్నాను. "లేరని చెప్పండి మామయ్యా. అంతే. ఇంకెవరూ లేరని ఒక్క మాట."

ఆ మాట చెబితే అయిపోయేది. కొత్త పెట్టెకు మురారి ఎవరో తెలియదు. పేరు దించక్కర్లేదు, చచ్చాడని ఒప్పుకోనక్కర్లేదు. ఆయన కోరుకున్నదీ అదే, దానికోసమే ఇల్లంతా ఊడ్పించారు. మరి ఎందుకు పలకరు? ఆ క్షణంలో ఆ ముసలాయన్ని గొంతు పట్టుకుని ఊపేయాలనిపించింది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని పెట్టె మళ్ళీ అడిగింది.

"లేరని నేనెట్టా అంటానయ్యా," అన్నారు ఆయన, పెట్టెతో కాదు, నాతో. "వాడసలు పుట్టలేదని చెప్పమంటావా?"

హైమ దుప్పటి వదిలేసి వచ్చి, కాలని చేత్తో తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మురారి," అన్నారు మామగారు. "మురారి, నా కొడుకు."

"మురారి లోపల లేరు. బయట ఉన్నారా?"

"లేడు."

"వస్తారా?"

గాలి మలుపు తిరిగింది. దాని హోరులో పెట్టెకు ఆయన మాట వినబడుతుందో లేదో. ఆయన పెట్టెకు ఇంకా దగ్గరగా జరిగి, వేళ్ళతో దాని అంచు పట్టుకుని, చిన్నపిల్లలకు నచ్చజెప్పేటప్పుడు చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"రాడు. ఇంక రాడు. తలుపెయ్యి."

తలుపు పడింది. చిటికెలో పడింది, సలోమి చెప్పినట్టే. ఆ వెంటనే గాలి వచ్చి ఇనప రేకును గుద్దింది. ఇల్లంతా అదిరింది, లోపల మేం ముగ్గురం చీకట్లో ఒకరినొకరం పట్టుకుని నిలబడ్డాం. మామగారు ఏడ్చారు. ఇన్నేళ్ళదీ ఒక్కసారే ఏడ్చారు. హైమ ఏడ్చింది. నేనెప్పుడూ చూడని మనిషి కోసం నేనూ ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

గాలి తగ్గుముఖం పట్టాక దీపం వెలిగింది. పెట్టె ఇంకో ప్రశ్న అడిగింది.

"మురారి పేరు ఉంచనా, తీసేయనా?"

మామగారు పంచె చెంగుతో మొహం తుడుచుకున్నారు.

"ఉంచు," అన్నారు. "వెతకమాక."